బొట్టు పెట్టిన రౌటర్

ఇప్పుడంటే ఇంట్లో నెట్టు ఆగితే ఎవరో ఒకరు వెళ్లి ఆ డబ్బాను ఆపి, మళ్లీ వేసి, తమ పనిలో పడిపోతారు గానీ, మా సిరిసిల్ల గల్లీలోకి ఆ సన్నని తీగ కొత్తగా వచ్చిన కాలంలో రౌటర్ అంటే మాకు ముక్కూ మొహం తెలియని చుట్టమే. అది ఏం తింటుందో, ఎక్కడ కూర్చుంటుందో, దాని గుణమేమిటో చెప్పేవాళ్లు లేరు. చెప్పినవాళ్లకు తెలియదు. అయినా దాన్ని ఎంచుకోవడానికి మా ఇంటిల్లిపాదీ పడ్డ హైరానా తలుచుకుంటే, పూజ దగ్గర కూర్చున్నా సరే నాకు నవ్వు ఆగదు. దేవుడు ఏమీ అనుకోడనే నమ్మకం. ఆ రోజు నవ్వినవాళ్లలో ఆయన కూడా ఉండే ఉంటాడు.

నా సంగతి కొంచెం చెప్పాలి. చిన్నప్పుడు నేను నెలకోసారి జ్వరంతో మంచం ఎక్కేదాన్ని. మూడో తరగతి తర్వాత బడి మానిపించి, నా చదువు మా అమ్మ (మా దగ్గర అమ్మను అవ్వ అంటారు) తన చేతుల్లోకి తీసుకుంది. మాది సాంచెలు నడిపే ఇల్లు (కరెంటు మగ్గాలను మా దగ్గర సాంచెలనే అంటారు). అవ్వ ఒక చేత్తో నూలు కండెలు చుట్టేది, ఒళ్లో పుస్తకం ఉండేది, నేను ఎదురుగా కూర్చుని చదివేదాన్ని. తప్పు చదివితే కండె ఆగేది. ఆ నిశ్శబ్దానికి మించిన బెత్తం నేనెరుగను. పరీక్షలన్నీ ఇంటి నుంచే కట్టి, ఆమె దయవల్ల డిగ్రీ దాకా వచ్చాను. కానీ పాఠాలు చెప్పుకుందామని ఏ బడి మెట్టు ఎక్కినా ఒకటే ప్రశ్న: "నువ్వు ఏ బడిల చదివినవమ్మా?" "ఇంట్లనే సార్." ఇక ఆ సారు టీ చల్లారిపోతున్నట్టు గ్లాసు వైపు చూసేవాడు. అంతటితో సరి.

అలాంటి రోజుల్లో కరీంనగర్‌లోని మా మేనత్త ఒక దారి చూపించింది. మా వైపు నుంచి బతుకుతెరువు కోసం భివండి, సూరత్ పోయి స్థిరపడిన నేతవాళ్ల పిల్లలకు తెలుగు చదవడం రావట్లేదని, వాళ్లకు కంప్యూటర్‌లో పాఠాలు చెప్పించే మేడమ్ ఒకరు హైదరాబాద్‌లో ఉన్నారట. ఆమెకు ఫోన్ చేశాను. ఏ బడి అని ఆమె అడగనే లేదు. "సోమవారం సాయంత్రం నాలుగింటికి పిల్లలకు ఒక పాఠం చెప్పండి, నేను వింటాను. బొమ్మ ఆగకూడదు, మాట తెగకూడదు. అంతే" అన్నారు. అంతే అన్నారు గానీ, రేకుల షెడ్డు పక్కన ఉన్న మా ఇంట్లో ఫోన్ పట్టుకుని డాబా ఎక్కితే తప్ప "హలో" అన్న మాటే అవతలికి చేరేది కాదు. నాకు తెరుచుకున్న ఒకే ఒక్క తలుపు అది. అది మూసుకోకుండా ఉండాలంటే ఇంట్లోకి నెట్టు రావాలి. మేనత్త పలకలా పల్చగా ఉన్న తన ల్యాప్‌టాప్ పంపించింది. కేబులాయన "తీగ ఆదివారం గుంజుత, డబ్బా మాత్రం మీరే తెచ్చుకోండ్రి" అన్నాడు. ఏ డబ్బా అని అడిగేలోపే బండి స్టార్ట్ చేశాడు.

ఇక సలహాలకు కొదవ లేదు. పక్కింటి అత్త "కొమ్ములు ఎన్ని ఎక్కువుంటే గంత మంచిదట పిల్లా" అంది. "కొమ్ములు జూసి కొననీకె గదేమన్న కోడెనా?" అన్నాడు బాపు. నేను డాబా ఎక్కి, ఎండలో కొంగు కప్పుకుని, ఫోన్‌లో రౌటర్ల గురించి దొరికినదంతా చదివాను. దిగి వచ్చేసరికి తలనొప్పి తప్ప నాకేమీ మిగల్లేదు. బాపు మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. "నువ్వు ఫికర్ వెట్టుకోకు బిడ్డా. ముప్ఫయేండ్లాయె, మోటార్లు నేను గాకుంటే ఎవలు కొన్నరు? యంత్రమన్నంక చేతుల వట్టి సూడాలె. బరువుంటే బలముంటది. తేలిగ్గున్నదంటే లోపల దగా ఉన్నట్టు." మా గల్లీలో ఎవరు మోటారు కొన్నా ముందు బాపు అరచేతిలో పెట్టి చూపించేవారు. ఆ చెయ్యి తప్పిందని ఎవరూ అనగా వినలేదు.

శనివారం ఇద్దరం బజారుకు పోయాం. కంప్యూటర్ల దుకాణం సేటు వరసగా రౌటర్లు తీసి బల్ల మీద పెట్టాడు. తెల్లనివి, నల్లనివి, రెండు కొమ్ములవి, నాలుగు కొమ్ములవి. బాపు ఒక్కొక్కటి అరచేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని, పైకీ కిందికీ ఊపి చూసి పక్కన పెట్టేస్తున్నాడు. "ఏంది సేటూ, గిది అగ్గిపెట్టె లెక్కున్నది. ఫ్యాను వేస్తే ఎగిరిపోతది." సేటు "కాకా, గిట్లనే ఉంటయి" అంటున్నా వినిపించుకోలేదు. చివరికి అడుగు అరలో దుమ్ము పట్టి ఉన్న ఇనుప డబ్బా ఒకటి బాపు కంట పడింది. కొమ్ములు లేవు, ముందు వైపు వరసగా బొర్రలు, అంటే రంధ్రాలు. చేతిలోకి తీసుకోగానే చెయ్యి కిందికి జారింది. బాపు మొహం వెలిగిపోయింది. "ఆఁ! గిదీ యంత్రమంటే."

"కాకా, గది ఇండ్లల్ల గాదు, ఆఫీసులల్ల పెడ్తరు" అన్నాడు సేటు.

"మరి మా బిడ్డది ఆఫీస్ గాదా?" అన్నాడు బాపు.

ఆ మాట విన్నాక నేను ఈ లోకంలో లేను. బియ్యం డ్రమ్ము పక్కన ఒక కుర్చీ, ఒక స్టూలు వేసుకున్న మూలను అంతవరకూ ఎవరూ ఆఫీసనలేదు. సేటు ఆ తర్వాత కూడా ఏదో చెప్పాడు, చేతులు తిప్పుతూ చెప్పాడు. నేను తల ఊపాను. (దేనికి ఊపానో మా ఇలవేల్పు రాజన్నకే తెలియాలి.) దారి పొడుగునా ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ యంత్రమైనా సరే, సాంచె కానీ, మోటారు కానీ, ఆఖరికి మిక్సీ కానీ, బొట్టు పెట్టి టెంకాయ కొట్టకుండా నడవదు. బొట్టు పెట్టాక అది సామాను కాదు, ఇంటి మనిషి. అమ్మడం, తిప్పి పంపడం ఉండదు. పాడైతే బాగు చేయించుకుంటాం. అంతే. ఆ సాయంత్రం అవ్వ పీట వేసి, డబ్బాకు నిండుగా పసుపు రాసింది. నేను కుంకుమ పెట్టాను. భక్తి కొంచెం పొంగి, ఏ బొర్రకు పెట్టకపోతే అది అలుగుతుందో అని ప్రతి బొర్ర మీదా ఒక చుక్క పెట్టాను. పసుపు నీళ్లు ఒక బొర్రలోకి కారితే కొంగుతో అద్దాను. కర్పూరం వెలిగించాం. సాంచెల మీద పనిచేసేవాళ్లందరికీ కొబ్బరి ముక్కలు పంచాం. వాళ్లు కూడా వచ్చి ఆ డబ్బాకు దండం పెట్టుకుని పోయారు.

ఆదివారం కేబులాయన వచ్చాడు. డబ్బాను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, బోర్లించాడు. వేళ్లకు పసుపైంది.

"కాకా, దీనికి వైఫై ఏది?"

"లోపలుంటది గావచ్చు. గంత బరువున్నది గద" అన్నాడు బాపు.

"లేదు కాకా. గిది తీగలతోని నడిచేది. కంప్యూటర్‌కు తీగ గుచ్చాలె."

"గుచ్చు మరి."

కేబులాయన ల్యాప్‌టాప్ చుట్టూ వేలు పెట్టి వెతికాడు. పలకలాంటి ఆ ల్యాప్‌టాప్‌కు తీగ గుచ్చే సందే లేదు. నేను ల్యాప్‌టాప్ లాక్కుని నాలుగు వైపులా మళ్లీ చూశాను. ఆయన మాత్రం తేలిగ్గా, "ఏం పరేషాన్ కాకుండ్రి. ఇంక వాడలే గద, రేపు వాపస్ ఇచ్చి వేరేది తెచ్చుకోండ్రి" అన్నాడు.

అవ్వ మెల్లగా అంది: "బొట్టు వెట్టినం."

"అయితేందమ్మా, తుడువుండ్రి."

అవ్వ ఆయన్ను అలా చూడటం నేను ముందెన్నడూ చూడలేదు. "ఇంటికొచ్చిన లచ్చిమిని మొఖం తుడిచి ఎల్లగొడ్తరా నాయినా?"

ఆయన సంచీ సర్దుకుని, "రేపు ఫోన్ జేయుండ్రి" అని మెల్లగా జారుకున్నాడు. బజారు ఆదివారం బంద్. బాపు అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు గానీ ముద్ద ఎత్తలేదు. "బరువు జూస్తి, గుణం జూడకపోతి" అన్నాడు నా వైపు చూడకుండా. నేను దేవుని అర్ర ముందు కూర్చున్నాను. ఏం అడగాలో తోచలేదు. ఇంటి మనిషిని పంపించెయ్యమని అడగలేను. పంపకపోతే నా తలుపు మూసుకుంటుంది. రెండింటి మధ్యా తిరిగి తిరిగి అదే మొర పెట్టుకుంటుంటే అవ్వ వెనక నుంచి అంది: "ఒక్కపారి చెప్పి ఊకో బిడ్డా. ఊకూకె యాది చేస్తే, ఆయన మతిమరుపోడా ఏంది?"

సోమవారం పొద్దున బాపు ఆ డబ్బాను కొత్త తువ్వాలలో చుట్టి, పసిపిల్లను దవాఖానాకు తీసుకుపోయినట్టు ఎత్తుకుని బయలుదేరాడు. సేటు తువ్వాల విప్పి చూసి, "కాకా, దీనికి పెండ్లి జేసినవా ఏంది?" అన్నాడు.

"వాపస్ ఇయ్యనీకె రాలే సేటూ. గీమెను మా ఇంట్లనే ఉంచుకుంటం. పని జేసే ఉపాయం ఏదన్న ఉంటే చెప్పు. మా బిడ్డకు నాలుగింటికి పాఠమున్నది."

సేటు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు వాపస్ ఇచ్చినా నేను తీసుకోకపోదును. మొఖం నిండ పసుపు, బొర్ర నిండ కుంకుమ, ఇంకెవలు కొంటరు?" అని, అరల వైపు ఓసారి చూసి, "గింతేనా కాకా! గీ పెద్దామెకు ఒక చిన్నామెను తోడు పెట్టుకో. దీంట్లకెళ్లి తీగ గుంజి దాంట్ల గుచ్చుండ్రి. వైఫై చిన్నది ఇస్తది. పెద్దది పెద్దరికం జేస్తది" అంటూ బల్ల మీదికి ఒక తెల్ల డబ్బా తోశాడు. శనివారం బాపు అగ్గిపెట్టె అన్నది దాన్నే. బాపు అలవాటు కొద్దీ దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు, ఊపబోయి ఆగిపోయాడు. "నడువు బిడ్డా, పొద్దువోతది" అన్నాడు.

కేబులాయన రెండింటినీ కలిపి తీగలు బిగిస్తుంటే, అవ్వ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "అమ్మా, నీకు దండం పెడ్త. దీనికి నడిచినంక పెట్టు." అవ్వ నా వైపు ఓసారి చూసి, "సరే నాయినా, నడవనీ" అని భరిణె మూసింది. మా ఇంటి పద్ధతి మారడం నేను అదే మొదటిసారి చూశాను. చిన్నదాని నెత్తి మీద పచ్చ దీపం వెలిగింది. పసుపు నీళ్లు కారిన బొర్రను వదిలేసి పెద్దది కూడా మిణుకు మిణుకుమంది.

నాలుగు గంటలకు తెర మీద ముగ్గురు పిల్లలు, ఒక మూలన మేడమ్ కనిపించారు. సిద్ధం చేసుకున్న పాఠమంతా ఎటో పోయింది. అంతలో భివండి పిల్లాడు సగం హిందీ కలిపి, "టీచర్, మీ ఘర్‌లో బీ సాంచెలు ఉన్నాయా? ఆవాజ్ వస్తుంది" అన్నాడు. "ఉన్నయి నానా. మీ ఇంట్ల గూడ ఉన్నయా? అయితే అవి ఎట్లంటయి చెప్పు?" అన్నాను. "టక టక!" "మరి గాజులు?" "గల గల!" ఇంకో పిల్ల "వాన?" అని తనే అడిగి, తనే "జల జల" అంది. అక్కడి నుంచి అక్షరాల్లోకి పోయాం. బొమ్మ ఆగలేదు, మాట తెగలేదు. గంట ఎలా గడిచిందో తెలియదు. చివర్లో మేడమ్ మాత్రం నవ్వలేదు, మెచ్చుకోలేదు. "సరే, చూద్దాం" అన్నారు.

ఆ మాట నాకు బాగా పరిచయమే. చల్లారిపోతున్న టీ గ్లాసు గుర్తొచ్చింది. పాఠం ముగించే ఎర్ర బొత్తాం నొక్కేశాననుకుని లేచి, రెండు డబ్బాల ముందూ నిలబడి చేతులు జోడించాను. "రాజన్నా, బొమ్మ ఆగకుంట జూసినవ్, గంతే చాలు నాకు. కొలువు రాకున్నా ఏం లేదు..." అన్నాను. అని, ఆయన నిజంగా పట్టించుకుంటాడేమోనని భయం వేసి, "గట్లని రావద్దని కాదు తండ్రీ. వస్తే మంచిదే. మా బాపు రెండు దినాల సంది సరిగ్గ తింటలేడు" అని గట్టిగానే చెప్పుకున్నాను.

వెనక నుంచి గొంతు వినిపించింది. "అమ్మాయ్..."

తిరిగి చూస్తే తెర మీద మేడమ్ అలాగే ఉన్నారు. ఈసారి నవ్వుతున్నారు. "రేపు కూడా నాలుగింటికే. బాపును తినమనండి. మీ రాజన్నకు కూడా టైము చెప్పండి."

తలుపు చాటున నిలబడ్డ బాపు ఆ మాట వినీ విననట్టు వంటింట్లోకి పోయి, "ఏమే, అన్నం పెడ్తవా లేదా?" అని అరిచాడు. ఆ సాయంత్రం చిన్నదానికి అవ్వ బొట్టు పెట్టింది. నేను ఏదీ అడగకుండా దండం పెట్టుకున్న పూజ అదొక్కటే.

ఇప్పటికీ అదే మూలలో కూర్చుని పాఠాలు చెబుతున్నాను. ఏ తీగ ఎందులోకి పోవాలో, ఏ బొత్తాం ఏం చేస్తుందో వచ్చింది. పాఠం అయ్యాక రెండుసార్లు చూసుకుని మరీ కెమెరా ఆపి, ఆ తర్వాతే, లోలోపలే, పెదవి కదపకుండా దండం పెట్టుకుంటాను. ఎవరూ వినరు. అలా అంతా సరిగ్గా చేసే ఇప్పటి నన్ను చూసుకుంటే నాకు తృప్తిగానే ఉంటుంది. కానీ ఎర్ర బొత్తాం నొక్కడం రాక, ఉన్నదంతా దేవుడి ముందూ మేడమ్ ముందూ ఒక్కసారే పరిచేసిన అప్పటి ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడు మాత్రం, దాని మొర ఇప్పటి నా మొర కంటే జర తొందరగా పైకి చేరేదేమో అనిపించి, కూర్చున్న చోటే నవ్వుకుంటాను.