ఒక్క బస్తా చాలన్న మామయ్య

పోయిన సోమవారం పొద్దున మా మామయ్య పోయారు. నా భర్త తండ్రి. స్నానం చేసి, లింగపూజకు కూర్చుని, పూజ అయ్యాక అలాగే గోడకు ఆనుకున్నారు. ఫలహారానికి పిలిస్తే పలకలేదు. కళ్ళు మూసుకుని జపం చేసుకుంటున్నారేమో అనుకుని కాసేపు తలుపు దగ్గరే నిలబడ్డాను. భుజం తట్టాక గానీ తెలియలేదు.

మీలో ఎవరైనా కందులు అమ్ముకోవడానికి నారాయణఖేడ్ వచ్చి ఉంటే ఆయన్ని చూసే ఉంటారు. దుకాణంలో గల్లా దగ్గర కూర్చోకుండా, బస్తాల కుప్ప పక్కన స్టూలు వేసుకుని కూర్చునే బక్కపల్చటి ముసలాయన. హమాలీలు ఆయన్ని ‘ఒందే సాకు సేటు’ అనేవాళ్ళు. ముందు చాటుగా అనేవాళ్ళు, తర్వాత మొహం మీదే అనేవాళ్ళు. ఒందే సాకు అంటే కన్నడంలో ఒకటి చాలు అని. మా ఇంట్లో కన్నడం, దుకాణంలో తెలుగు. నేను మనూరు దిక్కు పిల్లను, నాకు కన్నడం ఈ ఇంటికి వచ్చాకే అబ్బింది. మొదట నేర్చుకున్న ముక్క ఇదే.

అది నేర్చుకున్నది కూడా చీవాట్లతోనే. కొత్త కోడలిని కదా, పనిమంతురాలిని అనిపించుకోవాలని చంకలో ఒక బిందె, చేతిలో ఒక బిందె పట్టుకుని పెరట్లోంచి వస్తున్నాను. “ఏందమ్మా గది? దింపు. ఒందే సాకు,” అన్నారు మామయ్య. అత్తయ్య నవ్వింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో నిండు గ్యాస్ బండను నేను ఒక్కదాన్నే ఎత్తింది లేదు. బండ వచ్చిందంటే చాలు, దుకాణం వదిలేసి లోపలికి వచ్చేవారు. “ఒంచి దొర్లియ్యాలె. ఎత్తుడెందుకు?” అంటూ ముందు తనే చేసి చూపించేవారు. ఆ వయసులో ఆయన నాకు సాయం వస్తుంటే నాకు సిగ్గేసేది. వద్దన్నా వినే రకం కాదు.

ఈ పిచ్చి ఆయనకు ఎందుకు పట్టిందో ఒకసారి అడిగాను. చాయ్ తాగుతూ చెప్పారు. వాళ్ళ నాన్న కాలంలో దుకాణంలో ముసలి హమాలీలు ఉండేవారట. “నేను చిన్నగున్నప్పుడు వాళ్ళు నా మొగం చూసి మాట్లాడకపోదురు. నేల జూసే మాట్లాడేటోళ్ళు. సేటు కొడుకునని మర్యాదిస్తున్నరు అనుకున్న. పెద్దగయినంక సమజైంది. వాళ్ళ నడుములు లేస్తలేవు.” అని చెప్పి కప్పు కింద పెట్టేశారు.

దుకాణం తన చేతికి వచ్చాక ఆయన చేసిన పెద్ద పని ఒకటే. క్వింటా బస్తా తీసేసి అర క్వింటా సంచి పెట్టారు. బజారంతా నవ్వింది. పక్క దుకాణం వాళ్ళు “సేటూ, ఇగ పావుకిలో పొట్లాలు గట్టు” అన్నారు. సంచులు ఎక్కువవుతాయని, కుట్టుపని పెరుగుతుందని మా ఆయన సణిగాడు. మామయ్య చిన్న సంచులే తెప్పిస్తూ పోయారు. హమాలీలను నిలబెట్టి ఎత్తే పద్ధతి కూడా చెప్పేవారు. సంచికి దగ్గరగా నిలబడాలి, మోకాళ్ళు వంచాలి, బరువును ఒంటికి ఆనించుకోవాలి, తిరగాలంటే అడుగులు వేసి తిరగాలి తప్ప నడుము మెలిపెట్టకూడదు. “మోకాళ్ళు దండం పెట్టనీకే ఇచ్చిండా దేవుడు? వంచుండ్రప్పా. బస్తా యాడికీ పోదు, నడుము పోతది,” అనేవారు. వాళ్ళు నవ్వుతూనే వంచేవాళ్ళు.

కొన్నాళ్ళు ఆయన మొహం వెలిగిపోయింది. తర్వాత ఒక సాయంత్రం చూస్తే ఏముంది, హమాలీలు ఒక సంచి మీద ఇంకో సంచి పెట్టించుకుని, రెండేసి మోస్తున్నారు.

నేను చాయ్ ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. మామయ్య స్టూలు మీంచి లేచి, “గిదేంది? గిందుకేనా నేను చిన్న సంచులు తెచ్చింది?” అన్నారు. విఠల్ అని నాగల్‌గిద్ద పక్క తండా నుంచి వచ్చే హమాలీ ఉన్నాడు, మా ఆయన ఈడువాడు. అతనే ముందుకొచ్చి చెప్పాడు. “రెండేసుకుంటె జల్దీ అయితది సేటూ. లారీ ఆయన పొద్దుగూకినంక వస్తడు. ఒక్కొక్కటి మోసుకుంట గూసుంటె మా దిక్కు ఆటో పోతది. ఇగ రాత్రి యాడ పండుకోవాలె, గీ కుప్ప మీదనా?”

మామయ్య మెల్లగా మళ్ళీ స్టూలు మీద కూర్చున్నారు. విఠల్ ఎదురు చెప్పలేదు, ఉన్నమాటే చెప్పాడు.

ఆయన ఊరుకోలేదు పాపం. లారీ వాళ్ళను పెందలాడే రమ్మని బతిమాలారు. వాళ్ళకు మా ఒక్క దుకాణమేనా? ఆటోవాణ్ణి కాసేపు ఆగమన్నారు. మిగతా సవారీలు ఆగనివ్వలేదు. ఇంకో ఇద్దరు హమాలీలను పెడదామంటే, ఉన్నవాళ్ళే మా పని వేరేవాళ్ళతో పంచుకోం అని మొరాయించారు. చివరికి కుప్ప పక్కన స్టూలు వేసుకుని, ఒక్కొక్క సంచి మీద చెయ్యి పెట్టి “ఒందే సాకు” అంటూ పంపడం మొదలుపెట్టారు. భోజనానికి లోపలికి వస్తే రెండేసి ఎత్తుతున్నారని జొన్నరొట్టె కూడా అక్కడికే తెప్పించుకునేవారు. తినే చెయ్యి తింటూ ఉంటే, రెండో చెయ్యి సంచి మీద ఉండేది. వ్యాపారం చేసుకునే మనిషికి ఇదేం కర్మ అని నాకు ఒళ్ళు మండేది. హమాలీలు ఆయన ఉన్నంతసేపూ ఒక్కటే మోసేవాళ్ళు. ఆయన దొడ్డికి పోతే రెండు.

కందుల సీజను మంచి జోరుమీద ఉన్నప్పుడు బీదర్‌లో మా వాళ్ళ పెళ్ళి వచ్చింది. దగ్గరి చుట్టాలు, పోక తప్పదు. వెళ్ళేముందు మామయ్య ఒక్కొక్క హమాలీనీ పిలిచి చెప్పారు. అందరూ సరే సేటూ అన్నారు. ఆ సాయంత్రమే విఠల్ రెండు సంచులతో లారీకి వేసిన చెక్క ఎక్కుతున్నాడు. చిరిగిన సంచిలోంచి రాలిన కందులు చెక్క మీద ఉన్నాయి. కాలు జారింది. అతను కిందపడ్డాడు, సంచులు అతని మీద పడ్డాయి.

కబురు అందగానే మామయ్య పెళ్ళి భోజనం ముట్టకుండా తిరిగి వచ్చి నేరుగా దవాఖానకు పోయారు. బతుకుతాడు, నడుస్తాడు, బరువు మాత్రం ఇక జన్మలో ఎత్తకూడదన్నారు డాక్టర్లు. ఇంటికి వచ్చి మామయ్య కాళ్ళు కూడా కడుక్కోలేదు. వాకిట్లో కూర్చుని నన్ను అడిగారు. “పెద్ద బస్తానే ఉంటె వాడు ఒక్కటే మోసేటోడు గదమ్మా?” నేను కాదు మామయ్యా అందామనుకున్నాను. కానీ అది నిజం. బరువు అంతే అయినా ఒక్క బస్తా ఒంటికి ఆనుతుంది, రెండు సంచులు కుదురుగా ఉండవు. క్వింటా బస్తాలు రెండు ఏ మొగోడూ ఎత్తలేడు. అవి మళ్ళీ తెస్తే మిగతా వాళ్ళందరి నడుములూ పోతాయి, అదీ నిజమే. ఎటు తిరిగినా దారి లేదు. ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు.

విఠల్ లేచి తిరగడం మొదలుపెట్టాక కాంటా దగ్గర కూర్చోబెట్టారు. తూకం చూడాలి, దబ్బనంతో సంచుల మూతులు కుట్టాలి. కూర్చుని చేసే పని. మనమైతే అదృష్టం అనుకుంటాం. అతనికి తల కొట్టేసినట్టుండేది. “ఆడోళ్ళ లెక్క సూది పట్టి కూసున్న” అని నాతోనే అన్నాడు ఒకసారి. “నేను పట్టేది కూడా సూదే విఠలన్నా, నాకేం తక్కువైంది?” అన్నాను. నవ్వాడు గానీ సంచుల వంకే చూస్తున్నాడు.

మామయ్య కళ్ళుగప్పి అతను ఎత్తబోయేవాడు. కుట్టేటప్పుడు భజన కూనిరాగం తీసే అలవాటుంది అతనికి. అది ఆగిందంటే మామయ్య లోపలి గదిలో ఉన్నా సరే, “విఠలా, దింపు” అని కేకేసేవారు. దింపేవాడు. ఈ ఇద్దరూ రోజంతా ఇలాగే. ఒకరు కాపలా, ఒకరు దొంగ. నేను చూసి నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది.

మిగతా హమాలీలు మారలేదు. విఠల్‌ను రోజూ కళ్ళారా చూస్తూ కూడా ఆటో టైము దగ్గరపడితే రెండేసి ఎత్తేవాళ్ళు. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఇప్పటికీ తెలియదు. చీకటి పడ్డాక తండాలో పిల్లలు ఎదురు చూస్తారు, వాళ్ళను ఏమనగలం? ఈ ఏడాది మామయ్య బాగా నలిగిపోయారు. గొంతు తగ్గింది. “నేనుంటె ఒక్కటి, లేకుంటె రెండు. నేను పోయినంక ఎట్లనమ్మా?” అన్నారు మొన్నామధ్య, రొట్టె పళ్ళెం నా చేతికి తిరిగి ఇస్తూ. నేను చూసుకుంటాలే అన్నాను. ఏం చూసుకుంటాను? నా మాట ఎవరు వింటారు? అయినా ఆయన తల ఊపారు, నా మాట కొట్టెయ్యలేకే అనుకుంటాను.

లింగం కట్టుకునే మాలో పోయినవాళ్ళను పడుకోబెట్టి తీసుకెళ్ళరు. వెదుళ్ళతో విమానం కట్టి, పూలు చుట్టి, అందులో కూర్చోబెట్టి మోసుకెళతారు. ఆ రోజు బజారు హమాలీలందరూ వచ్చారు. మేమే మోస్తం అన్నారు. మా వాళ్ళు పక్కకు జరిగారు. ఆయన ఒంట్లో ఉన్న బరువుకు అంతమంది అక్కర్లేదు, అయినా వెదురు ఖాళీ లేకుండా చేతులు వేశారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. భజన తాళాలు మొదలయ్యాయి. లేపండి అన్నారెవరో.

అప్పుడు చూశాను. నడుముకు బెల్టు కట్టుకున్న విఠల్ ముందు వెదురు కిందికి దూరి భుజం పెట్టాడు. ఎవరో ఒకరు వద్దంటారని చూశాను. వద్దనే మనిషి పైన కూర్చుని ఉన్నారు, నుదుటి నిండా విభూతితో, దండల మధ్య. “విఠలన్నా, దింపు” అన్నాను. తాళాల మోతలో అది నాకే వినపడలేదు. విమానం లేచింది. గల్లీ చివర మిగతావాళ్ళు భుజాలు మార్చుకున్నారు. విఠల్ మార్చుకోలేదు. ఒక పక్కకు ఒరిగిపోయి, పళ్ళ బిగువున నడుస్తూ, ఆయన్ని మోసుకుని మలుపు తిరిగిపోయాడు.