వీపు మీద లేని రెక్క

ఆళ్లగడ్డలో మా వాకిట్లో నాయన ఉలి చప్పుడు పొద్దున్నుంచి ఆగలేదు. రాతిపొడి కిటికీలోంచి వచ్చి లాప్‌టాప్ మీద పడుతోంది. కూర్చుంటున్నాను, లేస్తున్నాను, రిపోర్టులో ఒక్క వాక్యం ముందుకు సాగడం లేదు. సముద్రంలో పోర్పాయిస్‌లను వెతికి, అవి ఎలా బతుకుతున్నాయో రాయడం నా ఉద్యోగం. డాల్ఫిన్‌కు దగ్గరి చుట్టం అది. ముక్కు మొండి, మన తీరంలో తిరిగేదానికి వీపు మీద రెక్క ఉండదు. మేం తిరిగినచోట అవి పిల్లల్ని పెడుతున్నాయని తేలితే కొన్ని నెలలు అక్కడ వలలు ఆపించవచ్చు. తేలకపోతే వలల్లో చిక్కి చస్తూనే ఉంటాయి. మొన్న పడవ పక్కన పెద్దదొకటి తేలింది. దాన్ని ఆనుకుని చిన్నగా, నల్లగా ఏదో మెరిసింది. పిల్లే కావచ్చు, అల కావచ్చు. ‘పిల్ల కనిపించింది’ అని రాస్తే చాలు. రాయనివ్వనిది ఎస్తేరు మేడం.

నంద్యాల కాలేజీలో ఆవిడ మాకు జువాలజీ చెప్పేవారు. పుస్తకంలో బొమ్మ చూసి గీశామని తెలిస్తే రికార్డులో ఆ పేజీ మా ఎదుటే చించేవారు. అందరికీ ఆవిడంటే హడలు, నాకు మాత్రం ఒళ్లు మంట. శిల్పుల ఇంటి పిల్లని, బొమ్మలో నాకు వంక పెట్టేదెవరని పొగరు.

ఒకసారి మమ్మల్ని నెల్లూరు వైపు సముద్రానికి తీసుకెళ్లారు. వలలో చిక్కి చచ్చిన పోర్పాయిస్ ఒకటి ఇసుకలో పడి ఉంది. గీయమన్నారు. అందరికంటే ముందు గీసి ఇచ్చాను.

“ఏమ్మే, ఈ రెక్క యాడిది?”

“వీపు మీదిది, మేడం.”

“యాడ చూసినావు?”

నాయన స్తంభాలకు చెక్కే చేపలన్నిటికీ వీపు మీద రెక్క ఉంటుంది. చిన్నప్పటినుంచి రాళ్ల మీద సుద్దతో అవే గీసిన చెయ్యి నాది.

“చూసింది గీయమంటే మీ నాయన చెక్కేది గీసినావు. పో, చేత్తో తడుము.”

అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుని తడిమాను. చల్లగా, నున్నగా ఉంది. నడుమ సన్నటి గరుకు గీత తప్ప ఏమీ లేదు. ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. ఇంతలో పోస్టుమార్టం చేయడానికి పశువుల డాక్టరు వచ్చి దాని పొట్ట కోశాడు. లోపల నెలలు నిండిన పిల్ల ఉంది. మేడం నా పక్కనే ఇసుకలో కూర్చున్నారు.

“దగ్గర దగ్గర ఏడాది మోస్తాది. కనేది ఒక్కదాన్నే,” అన్నారు. “రాసుకో. ఇది చూసినావు గదా.”

ఆ రోజు వల్లే ఈ ఉద్యోగంలోకి వచ్చానని ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు. కిందటేడు పోయారు. చెప్పలేదన్న బాధ నాకు తగ్గదు.

“ఏందీ, పొద్దున్నుంచి కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావ్?” అన్నాడు నాయన. సంగతి చెప్పాను.

“ఉందని రాయి. మంచికే గదా!”

మంచికే. కానీ ఇన్నేళ్లలో నేను కళ్లారా చూసిన పిల్ల ఆ ఇసుకలో చచ్చి ఉన్నదొక్కటే. ‘పిల్లో, అలో తేల్చుకోలేకపోయాను’ అని రాసి పంపేశాను. ఈ ఏడు వలలు ఆగవు. ఆ వాక్యానికి ఎన్ని చస్తాయో. వాకిట్లో నాయన చేప వీపుకు రెక్క తీరుస్తున్నాడు. నా అరచేతికి మాత్రం ఆ నున్నటి వీపే తగులుతోంది. సంచి సర్దుకున్నాను. మధ్యాహ్నం బస్సుకే మళ్లీ సముద్రానికి పోతున్నాను.