రాగి కాగు, ఆకుపచ్చ జుట్టు

1978 మార్చిలో నన్ను అనంతపురం నీటి పరీక్షల ల్యాబులో జూనియర్ అనలిస్టుగా వేశారు. బావులు, బోర్ల నుంచి సీసాల్లో వచ్చే నీళ్లలో ఉప్పెంత, సున్నమెంత, ఫ్లోరైడెంత అని తేల్చడం నా పని. రిపోర్టు మీద సంతకం చీఫ్ అనలిస్టుగారిది. సీసా దాటి ఆలోచించే అలవాటు మా ఇద్దరికీ లేదు.

ఆ వేసవిలో ధర్మవరం పట్టుచీరల వ్యాపారి నారాయణప్ప మా దగ్గరికి వచ్చాడు. ఆయన తల్లి నాగమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. రోజూ వేడినీళ్లలో మెడదాకా కూర్చోబెట్టి చెయ్యి ఆడించమని డాక్టరు చెబితే, పెరట్లో మనిషి పట్టేంత సిమెంటు తొట్టి కట్టించాడు. నీళ్లకు కటకటలాడే ఊళ్లో రోజూ దాన్ని నింపడం ఎవరి తరం? వారానికొకసారి నీళ్లు మార్చి, మిగతా రోజుల్లో అందులోంచే కొన్ని తోడి, పెద్ద రాగి కాగులో కాచి తిరిగి పోసేవారు. నాగమ్మ తలమీదా అవే నీళ్లు. నిలవ నీళ్లు చెడకుండా ఏం చెయ్యాలన్నది ఆయన ప్రశ్న.

బ్లీచింగ్ పౌడరు కొలత రాసిచ్చాను. అందులోని క్లోరిన్ క్రిములను చంపాక కూడా నీళ్లలో కాస్త మిగలాలి. మిగిలితే, నేనిచ్చిన మందు రెండు చుక్కలు వేయగానే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. నెల తిరిగేసరికి నాగమ్మ వేళ్లు రెండు కదిలాయని కబురొచ్చింది. అదంతా నా చీటీ మహిమే అన్నంత సంబరపడ్డాను.

ఆ తర్వాత నారాయణప్పే రెండోసారి వచ్చాడు, ఆమె తెల్లజుట్టు ఆకుపచ్చగా మారిందని.

చీఫ్‌గారు నాచు అన్నారు. నేనూ తలూపి బ్లీచింగ్ రెట్టింపు చేయించాను. రంగు ఇంకా ముదిరింది. మైక్రోస్కోపు కింద చూస్తే ఆ నీళ్లలో నాచు జాడే లేదు. అంతకన్నా వింత ఇంకోటుంది. బ్లీచింగ్ వేసిన నీళ్లు క్షారం వైపు మొగ్గాలి. వాళ్ల బావి నీళ్లయితే మామూలుగానే క్షారం చూపించాయి. తొట్టి నీళ్లు మాత్రం ఆమ్లం చూపించాయి. పరీక్ష మందు పాడైందనుకుని కొత్తది కలిపాను. సీసాలు తారుమారయ్యాయనుకుని మళ్లీ తెప్పించాను. అదే ఫలితం. నేను చదివిన కెమిస్ట్రీ మీద నాకే నమ్మకం పోయింది.

మూడోసారి వచ్చినప్పుడు నారాయణప్ప కూర్చోలేదు. "ఊరంతా మాయమ్మను జూసి నవ్వుతాండారు సార్. నాలుగు దినాలాయ, తొట్లోకి దింపలే. వేళ్లు మళ్లీ బిగుసుకున్యాయి. ఆదివారం లోపల మీరేందో ఒగటి చెప్పల్ల. లేకుంటే తొట్టి పగలగొట్టిస్తా" అన్నాడు. నాకు భయమేసింది. ఒక ముసలామె చెయ్యి నా మాట మీద ఆధారపడి ఉంది.

శాంపిల్ మన దగ్గరికి రావాలిగానీ మనం పోకూడదన్నది చీఫ్‌గారి పద్ధతి. అయినా బతిమాలి, శనివారం మొదటి బస్సుకే ధర్మవరం వెళ్లాను. రోజూ చేసేదంతా నా ఎదుట చెయ్యమన్నాను. నారాయణప్ప భార్య లక్ష్మీదేవి చింతపండు పెట్టి కాగును తళతళలాడేలా తోమింది. చెంబుడు నీళ్లతో కడిగి, ఆ కడుగునీళ్లు తొట్టిలోకి వంచింది. అందులో ఎందుకు పోశావమ్మా అన్నాను.

"యాడ పోసేది సార్ మల్ల? తినే చింతపండే కదా. ఈ కరువులో చెంబుడు నీళ్లు పారబోస్తే మాయత్త ఊరకుంటాదా?"

బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. తొట్టి నీళ్లలో తేలిన ఆమ్లం ఈ చింతపండు పులుపే. అదే రాగిని కరిగించి తొట్టిలోకి చేరుస్తోంది. నేను రెట్టింపు చేయించిన బ్లీచింగ్ ఆ రాగిని జుట్టుకు మరింత పట్టించింది. తర్వాత ల్యాబులో తొట్టి నీళ్లను చిక్కగా మరిగించి అమోనియా వేస్తే ముదురు నీలం తేలింది. రాగికి అదే గుర్తు.

ఆ శనివారమే, కడుగునీళ్లు అందులో పోయొద్దనీ, బ్లీచింగ్ పాత కొలతే వాడాలనీ, తొట్టి ఖాళీ చేసి కొత్త నీళ్లు నింపాలనీ చెప్పాను. మంచం మీది నుంచి నాగమ్మ అడ్డుపడింది. "తొట్టెడు నీళ్లు పారబోయల్నా? జుట్టు యా రంగుంటే ఏమప్పా, చెయ్యి ఆడితే సాలు." చివరికి పక్కింట్లో కొత్తగా కట్టిన గోడ తడపడానికి ఆ నీళ్లు మోయిస్తామన్నాకే ఒప్పుకుంది.

వానలు పడేనాటికి ఆమె కుడిచేత్తో గ్లాసెత్తి మజ్జిగ తాగింది. జుట్టు కొనల్లో ఆకుపచ్చ మాత్రం చాలాకాలం ఉంది.

నారాయణప్ప మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ నీళ్ల గురించి ఆయన్నే అడిగాను. ఆ తొట్టిలో ఆయన ఒక్క చెంబు పోసి ఎరగడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, సీసా పట్టుకొచ్చిన ప్రతి మనిషినీ ఈ నీళ్లలోకి ఇంకేం కలుస్తుందని అడిగేవాణ్ని. ఇంట్లో ఆడవాళ్లకు తెలుసు సార్ అనేవారు చాలామంది. వెళ్లి అడిగి రమ్మనేవాణ్ని. వాళ్లు తిరిగొచ్చేదాకా సీసా మూత తీసేవాణ్ని కాదు.