పాలు తాగని గుర్రప్పిల్ల

2022 చలికాలం. వరంగల్‌లోని నా పశువుల క్లినిక్‌కు కాశిబుగ్గ నుంచి సమ్మయ్య వచ్చాడు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పే మనిషి. ఆ గుర్రం ఈనిన పిల్లకు రెండు నెలలు. బొడ్డు దగ్గర హెర్నియా, అంటే లోపలి పేగు చర్మం కిందికి ఉబ్బి రావడం. ఆపరేషన్ చేయాలన్నాను.

“పెండ్లిళ్ల సీజన్ అయినంక జేద్దాం సారూ,” అన్నాడు.

నేను బట్టల దుకాణదారుల ఇంట్లో పెరిగినవాణ్ని. వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం మా వంశంలో లేదు. అరగంట మాట్లాడి బుధవారం పొద్దునకే ఒప్పించాను. నెగ్గిన సంబరంలో అసలు చెప్పాల్సిన మాట ఒకటి మరిచాను.

బుధవారం పిల్లకు మత్తిచ్చాం. ఇంకా కోత పెట్టలేదు. మత్తు చూసే డాక్టర్ సరళ మానిటర్ చూసి, “ఎనభై ఉండాల్సిన గుండె నలభైకి దిగింది సర్,” అంది. ఇంత చిన్న పిల్లల్లో గుండె వేగం తగ్గితే ఒంటికి రక్తం అందదు. మత్తు ఆపాం, ఆక్సిజన్ పెంచాం. అయినా దిగుతూనే ఉంది.

తలుపు దగ్గరున్న సమ్మయ్యను అడిగాను. “అన్నా, పాలెప్పుడు తాగింది?”

“తాగనిస్తనా సారూ? రాత్రే తల్లిని అవతల కట్టేసిన. మా ఇంటామె ఆపరేషనప్పుడు దవాఖానల మంచినీళ్లు గూడ ముట్టనియ్యలే. గంత తెల్వదా నాకు?”

గర్వంగానే చెప్పాడు. పాలు తాగే గుర్రప్పిల్లను అలా పస్తు ఉంచకూడదు. ఒంట్లో చక్కెర పడిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది, గుండె నెమ్మదిస్తుంది. రక్తపు చుక్క పరీక్షిస్తే అదే తేలింది. గ్లూకోజ్ పెట్టి, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను. సరళ గొట్టంలోంచి ఊపిరి పంపుతోంది. సమ్మయ్య తన దుప్పటి తీసి పిల్లమీద కప్పాడు. వెంట తెచ్చి బయట కట్టేసిన తల్లి ఆగకుండా సకిలిస్తోంది.

“నేనే సంపుకుంటున్ననా సారూ?”

దుకాణంలో సరుకు పాడైతే కొన్నవాడు సరిగా వాడలేదంటాం. ఆ మాట నోటిదాకా వచ్చింది.

“కాదన్నా. చెప్పాల్సింది నేను. చెప్పలే.”

సమ్మయ్య దుప్పటి అంచులు సర్దాడు. మానిటర్‌లో గుండె వేగం ఎక్కసాగింది. యాభై, అరవై, డెబ్బై. గంట తర్వాత పిల్ల వణుకుతూ లేచి నేరుగా తల్లి పొదుగు కిందికి దూరింది.

“మల్ల ఎప్పుడు తోలుకరమ్మంటరు?”

“నువ్వు చెప్పినప్పుడే.”

“నేను మొదాలే జెప్పిన గద సారూ.”

పెళ్లిళ్ల సీజన్ అయ్యాకే, పాలు తాగి వచ్చిన పిల్లకు ఆపరేషన్ సాఫీగా జరిగింది. ఇప్పుడు ఎవరినైనా ఒప్పించాక, “రాత్రి నుంచి ఏమేం చేస్తావో చెప్పన్నా,” అని అడిగి, నోరు మూసుకుని వింటాను. మా వంశంలో ఇది కొత్త.