ఖాళీగా వచ్చిన క్యాప్చర్

గురువారం, టెక్కలి ఆఫీసు. ఉన్నవారు: కరుణ మేడం, పలాస కిడ్నీ క్లినిక్ మేనేజరు, ఆ క్లినిక్ టెక్నీషియన్ జగ్గారావు, నేను.

మొన్న పలాసలో బస్సు దిగగానే జీడిపిక్కలు కాల్చే పొగ ఘాటుగా ముక్కుకు తగిలింది. ఆ క్లినిక్ అలాంటి పొగ మధ్యనే ఉండేది. ఇంటికొచ్చి పాత డైరీ తీస్తే పై రెండు వాక్యాలు కనిపించాయి. కరుణ మేడం అప్పట్లో మా నెట్‌వర్క్ విభాగానికి అధికారి, నాకు పని నేర్పిన మనిషి. డొంకూరులో చేపలు పట్టే ఇంట్లో పుట్టారు. ఆఫీసు కాగితాల్లో ఆమె భాష గ్రాంథికానికి దగ్గర. కోపమొస్తే మాత్రం నేరుగా డొంకూరే.

క్లినిక్ నుంచి రోగుల రక్తపరీక్షల రిపోర్టులు నగరంలోని డాక్టరుకు మా రౌటర్ మీదుగా వెళ్లాలి. వారంగా వెళ్లడం లేదు. జగ్గారావు పంపడమే లేదని మేనేజరు అనుమానం. సమాచారం ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా ప్రయాణిస్తుంది. వాటిని రౌటర్ దగ్గర పట్టి చూడటమే క్యాప్చర్. ఆ క్లినిక్ కంప్యూటర్ చిరునామా ఉన్నవే పడేలా ఫిల్టర్ పెట్టి పట్టాను. ఒక్కటీ పడలేదు.

"ఇంకేటి సూడాలండీ? మీ రౌటరే సెప్పేసింది కదా. రేపట్నుంచి ఇతను రానక్కర్లేదు," అన్నాడు మేనేజరు.

"నాను అంపుతునే ఉన్నానండి మేడం. నా పిల్లల మీదొట్టు," అన్నాడు జగ్గారావు.

మేడం అతన్ని కూర్చోమని, నా వైపు తిరిగారు. "వల ఖాళీగా వత్తే మా ఊల్లో సముద్రం మీద కేసెట్టరు బాబూ. ముందు వల కన్ను సూత్తారు. కన్ను పెద్దదైతే సేపెలా పడతాది? ఆ క్లినిక్కి ఫోన్ సెయ్యి."

ఫోన్ తీసిన నర్సు, కరుణ మేడం చెప్పినట్టే కంప్యూటర్‌లో ఒక చిన్న వెబ్ పేజీ తెరిచింది. తెరుచుకుందని చెప్పింది. అంటే ప్యాకెట్లు మా రౌటర్ దాటి వెళ్లి వచ్చాయి. నా క్యాప్చర్ మాత్రం ఖాళీ.

ఫిల్టర్ తీసేశాను. తెర నిండిపోయింది. ఆ లైనులో ప్రతి ప్యాకెట్‌కూ ముందు ఒక అదనపు గుర్తు అంటించి ఉంది. నా ఫిల్టర్ గుర్తు లేనివాటినే వెతుకుతోంది. సరిచేసి చూస్తే, రిపోర్టులు మోసే పెద్ద ప్యాకెట్లు జగ్గారావు దగ్గర నుంచి సక్రమంగా వచ్చి మా దగ్గరే ఆగిపోతున్నాయి. రౌటర్ మార్చినప్పుడు పెట్టిన సైజు పరిమితి తక్కువైంది.

మేడం మేనేజరుతో, "తప్పు మాది. ఇతన్ని మీ బండిలోనే తీసుకెళ్లండి," అన్నారు. జగ్గారావు లేచి నిలబడ్డాడే గాని, కాసేపటిదాకా అడుగు వేయలేదు.

నేను పరిమితి మార్చాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ ఉద్యోగం చేశాను. ఎవరైనా "ఏమీ రాలేదు" అంటే, వచ్చి తీరాల్సినది ఒకటి పంపి చూశారా అని అడగడం నాకు అక్కడే అలవాటైంది.

మర్నాడు ఉదయం జగ్గారావు క్లినిక్ నుంచే ఫోన్ చేశాడు. "ఎల్లిపోతన్నాయండి! మేనేజరుగారు టీ కూడా ఇప్పించారు." నేను సంతోషంగా వెళ్లి, "రిపోర్టులన్నీ వెళ్తున్నాయట మేడం," అన్నాను.

ఆమె తలెత్తలేదు. "ఎల్తన్నాయట? ఆ 'ట' ఏటి? నువ్వు సూసావా?"

వెనక్కి వచ్చి క్యాప్చర్ తెరిచి కూర్చున్నాను.