అక్కింట్లో కడిగిన గ్లాసులు

నాకు చిన్నప్పటి నుంచీ కుదురు తక్కువ. ఒకచోట పావుగంట కూర్చుంటే కాళ్ళు పీకుతాయి. రాజాంలో మా ఆయనది కిరాణా కొట్టు, దాని వెనకే మా ఇల్లు. రెండేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం ఊరికే ఉండలేక, వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడుతున్న ప్లాస్టిక్ కవరు కిందికి దించాను. దాన్నిండా కవర్లు. వాటిలో మళ్ళీ కవర్లు. ఎప్పటికైనా పనికొస్తాయని నా చేతులతో నేనే మడతపెట్టి దాచినవి. పరిస్తే వంటిల్లు చాలలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆ రోజుతో మొదలైంది నా చాదస్తం. పాల ప్యాకెట్లు మాన్పించి, గిన్నెలో కొలిచి పోసే ఆవిడ దగ్గర వాడుక పెట్టాను. టిఫిన్‌కి స్టీలు క్యారేజీ పట్టుకెళ్ళి, చట్నీ కవర్లో కడితే తీసుకోనని అక్కడే నిలబడ్డాను. ఊరెళితే నా నీళ్ళ సీసా నా సంచిలోనే. మా ఆయన్ని పప్పులు కాగితంలో పొట్లం కట్టమంటే, ఆ విద్య తన తాతతోనే పోయిందన్నాడు. కొనడానికి వచ్చినవాళ్ళని సంచి ఏదని నేను నిలదీస్తుంటే, కొట్టు ముందుకి రావద్దని దణ్ణం పెట్టాడు. సగం మంది ఎదురు కొట్టుకి మళ్ళారు. అయినా నేను ఊరుకుంటేనా?

అలా ఉండగా, పోయిన వానాకాలంలో చీపురుపల్లిలో మా బావ పోయాడు. మా అక్క భర్త. పొద్దున్న లేచిన మనిషి మధ్యాహ్నానికి లేడు. కబురు తెలియగానే అన్నం, పప్పు వండి క్యారేజీలో సర్దుకుని బస్సెక్కాను. దినవారాలయ్యే వరకూ అక్క దగ్గరే ఉండాలనుకున్నాను.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, చుట్టాలే వంతులేసుకుని భోజనం తెస్తారు. మైల ఇంటికి వెళ్ళిన గిన్నెను తిరిగి ఇంటికి తెచ్చుకోవడానికి మావాళ్ళు ఇష్టపడరు. అందుకని సాంబారు, చారు, మజ్జిగ అన్నీ ముడేసిన కవర్లలోనే వస్తాయి. వదిలేసి పోవచ్చు. పరామర్శకి వచ్చినవాళ్ళకి టీ ప్లాస్టిక్ గ్లాసుల్లో, నీళ్ళు ప్యాకెట్లలో. రెండో రోజుకే పెరట్లో గోడ వారన కుప్ప పడింది. నాకు పిచ్చెక్కింది.

అటక మీది స్టీలు గ్లాసులన్నీ దించాను. వచ్చిన ప్రతి కవరునీ విప్పి అక్క గిన్నెల్లోకి ఒంపాను. ఖాళీ కవర్లు కడిగి దండెం మీద ఆరేశాను. ఎవరైనా టీ తాగడమే ఆలస్యం, గ్లాసు లాక్కుని తోమేదాన్ని. ఒక పెద్దావిడ, పాపం, ఎండలో నడిచి పెరుగన్నం తెస్తే, ఇంట్లో గిన్నె లేదా అని అడిగేశాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

అక్క నడిమింట్లో గోడకి ఆనుకుని కూర్చునేది. నేను ఆ గదిలోంచి కాలుకాలిన పిల్లిలా తిరిగేదాన్ని. టీ తాగుతావా, అన్నం తిన్నావా అని దాటిపోతూనే అడిగేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆమె పక్కన కూర్చోవాలంటే నాకు భయం. కూర్చుంటే ఏడుస్తుంది. ఏడిస్తే ఏం చెప్పాలో నాకు తెలియదు. గ్లాసులు తోమడం తెలుసు.

అయిదో రోజు, కొట్టులో మా ఆయన ఒక్కడే అవస్థ పడుతున్నాడని వంక పెట్టుకుని బయల్దేరాను. నా క్యారేజీ తోమి సంచిలో పెట్టుకుంటుంటే, అది ఇక్కడే వదిలేయమంది అక్క అత్తగారు. స్టీలు సామాను కడిగితే మైల పోదా అన్నాను. ఈ పట్టింపు వల్లే ఇంత చెత్త పోగయిందన్నాను. కొడుకుని పోగొట్టుకున్న మనిషి మీద గొంతు పెంచాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అప్పుడు లోపల్నుంచి అక్క పిలిచింది. సంచి భుజాన ఉండగానే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"అయిదు రోజులై సూస్తన్నాను," అంది. "వచ్చినోల సేతుల్లో కవర్లన్నీ సూసినావు. నన్ను సూడనేదు."

తల తీసేసినట్టయింది.

"మీ బావ ఎలాగ పోయినాడని అందరూ అడిగినారు. ఎవులికీ సెప్పనేదు. నువ్వు కూకుంటే నీకు సెబుదామని ఉన్నాను."

సంచి అక్కడే పడేసి ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. బస్సు పోతే పోయింది. చెప్పమన్నాను. అక్క నేలకేసి చూస్తూ మొదలుపెట్టింది. ఆ పొద్దున్న బావ పనికి వెళ్ళకుండా ఈ గోడ దగ్గరే కూర్చున్నాడట. ఒంట్లో ఏదో బడలికగా ఉందన్నాడట. ఆ సమయంలో అక్క పెరట్లో అంట్లు తోముతోంది.

"ఒక్కసారి వచ్చి నా కాడ కూకోయే అన్నాడు," అంది అక్క. "పని తెమిలాక వస్తానన్నాను."

నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"తెమిలాకే వచ్చినానే."