దండాల లెక్క

ఒసాకాలో మా సందు మలుపున, మందుల దుకాణం గోడకింద, చిన్న గూట్లో జిజో ఉండేవాడు. పిల్లల్ని కాచే రాతి దేవుడు. ఎదురుగా టోఫు అమ్మే నిషివాకి తోకియే రోజూ పొద్దున్నే అక్కడ నీళ్లు మార్చి పూలు పెట్టేది. పసిపిల్లలకు కట్టినట్టు ఆయన మెడలో కట్టే ఎర్రగుడ్డ కూడా ఆమే కుట్టేది. నడక రాకముందే పోయిన కొడుకు పేరు ఆ గుడ్డ లోపలివైపు దారంతో కుట్టి ఉండేది.

నిరుడు మందుల దుకాణం కురహాషి గూటి పైన గోడకు ప్రకటనల తెర పెట్టనిచ్చాడు. పొద్దస్తమానం ఒకటే కూల్‌డ్రింక్ సీసా. తెర అంచున కెమెరా. ఎన్ని మొహాలు తెరవైపు తిరిగాయో, ఒకే మొహం ఎన్నిసార్లు వచ్చిందో అది లెక్కపెడుతుంది.

ఒక మధ్యాహ్నం ఆ తెర పెట్టిన కంపెనీ ఉద్యోగి షిబుకావా మిఠాయి పెట్టెతో టోఫు దుకాణానికి వచ్చాడు.

"మీ సందు బంగారం, తోకియే సాన్! ఒక్కొక్కరూ మళ్లీ మళ్లీ చూస్తున్నారు. అందరికంటే ఎక్కువసార్లు చూసింది మీరే."

"నీ తెరనా? నేను జిజోకి దండం పెడుతున్నానయ్యా. అందరూ అంతే."

"మొహం అటు ఉంటే చాలండీ."

"కళ్లు మూసుకుంటాం కదా! మూసిన కళ్లతో నీ సీసా ఎలా చూస్తాం?"

"కెమెరాకి అంత తేడా తెలీదు లెండి," అని నవ్వి, చేతిలోని కవరు అందించాడు. "మీ పాత గుడ్డ. వెలిసిపోయిందని తీసేశాం. కంపెనీ తరఫున కొత్తది కట్టాం."

తోకియే ఎదురుగా చూసింది. జిజో మెడలో సీసా బొమ్మ ఉంది.

సందు దాటి వెళ్లి ఆ గుడ్డను పీకి పారేసింది. వెనక్కొచ్చి ఆమె విసిరిన మిఠాయి పెట్టె షిబుకావా కాళ్ల దగ్గర పడింది.

"నా బిడ్డ పేరు విప్పేసి నీ బోర్డు కడతావా? పైగా నాకు మిఠాయా?"

కురహాషి బయటికొచ్చాడు. "గోడ నాది తోకియే సాన్. అరవడం ఎందుకు?"

"గోడ నువ్వే ఉంచుకో. మా దండాలు అమ్ముకోమని ఎవరు చెప్పారు నీకు?"

చేపల దుకాణం ఓగితా చేతులు కడుక్కుని వచ్చాడు. అతనూ తోకియే కలిసి జిజో రాతిని మోసుకెళ్లి టోఫు దుకాణం ముందు పెట్టారు. తోకియే పాత గుడ్డ మళ్లీ కట్టింది.

మర్నాడు పొద్దున ఓగితా అలవాటు కొద్దీ మలుపు దగ్గర ఆగి, టోపీ తీసి, ఖాళీ గూటి ముందు కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. అతన్ని చూసి, బడికెళ్తున్న ఇద్దరు ఆడపిల్లలు కూడా పక్కనే నిలబడ్డారు.

"ఓగితా! ఎవరికయ్యా ఆ దండం? నిన్న మోసింది నువ్వేగా!"

"అయ్యో! కాళ్లు వాటంతటవే ఆగాయి, తోకియే సాన్."

తడి ఏప్రన్‌తోనే ఆమె పరుగున వచ్చి, ముగ్గురినీ భుజాలు పట్టుకుని తన దుకాణం వైపు తిప్పింది. వెనక సీసా వెలిగింది.

"ఇటు తిరగండి! ఈపాటికి మీ ముగ్గుర్నీ లెక్కేసేసుంటుంది, మాయదారిది!"